రెండు కర్రలు

జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆవరణలో నిలువెత్తు కంచు విగ్రహం ఒకటి ఉంది. అది ఏ మహానుభావుడిదీ కాదు. ఒక పిల్లాడు ముందు నడుస్తుంటాడు. వాడి చేతిలో పొడవాటి కర్ర ఒక కొస. రెండో కొస పట్టుకుని వెనకాల ఒక పెద్దాయన నడుస్తుంటాడు. ఆయనకు చూపు లేదు. వాషింగ్టన్‌లోని ప్రపంచ బ్యాంకు భవనంలో ఇదే విగ్రహం ఉంది. అట్లాంటాలోని కార్టర్ సెంటర్‌లో ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో బుర్కినా ఫాసో రాజధాని వాగడూగూలోనూ ఉంది.

1970ల నాటికి వోల్టా నదుల పరీవాహకంలో ఇది రోజూ కనిపించే దృశ్యం. పిల్లాడి చదువు ఆ కర్ర కొస దగ్గరే ఆగిపోయేది. వాడు పెరిగి పెద్దవాడై నలభై దాటేసరికి కర్ర ముందు కొస వదిలి వెనక కొసకు వచ్చేవాడు. ముందు నడవడానికి ఇంకో పిల్లాడు సిద్ధంగా ఉండేవాడు. పశ్చిమ ఆఫ్రికాలో జబ్బు ముదిరిన కొన్ని ఊళ్లలో నలభై దాటిన మగవాళ్లలో సగం మందికి చూపు పోయింది. ఏటి ఒడ్డున పుడితే వయసు మళ్లాక చూపు పోవడం మామూలే అనుకునేవాళ్లు, జుట్టు నెరిసినట్టే.

ఈ జబ్బు శాస్త్రీయ నామం ఆంకోసెర్సియాసిస్. జనం నోట రివర్ బ్లైండ్‌నెస్. మన నదుల్లో ఈ బెడద లేదు కాబట్టి మన భాషలో దీనికి పేరూ లేదు. చీకటి పడితే చూపు ఆనకపోవడాన్ని మనవాళ్లు రేచీకటి అన్నారు. ఆ లెక్కన దీన్ని ఏటిచీకటి అనుకుందాం.

పేరు కొత్తే గానీ దీని మందు మనకు బాగా పరిచయం. 2021 వేసవిలో, కరోనా రెండో అల ఊళ్లను ఊపేస్తున్నప్పుడు, మందుల షాపు ముందు వరసలో నిలబడి చాలామంది తెచ్చుకున్న మాత్రల్లో ఐవర్‌మెక్టిన్ ఒకటి. కరోనా మీద దాని మహిమ నిలబడలేదు. కానీ ఆ మాత్రకు అసలు పేరు తెచ్చిపెట్టిందీ, దాన్ని కనిపెట్టినవాళ్లకు నోబెల్ తెచ్చిపెట్టిందీ ఈ ఏటిచీకటే. ఆ సంగతి అప్పట్లో వాట్సాప్‌లో ఎవరూ పంచలేదు.

తేటనీటి ఈగ

మురుగు ఉంటే దోమ, దోమ ఉంటే జబ్బు. చిన్నప్పటి నుంచి మనం నేర్చుకున్న లెక్క ఇది. ఏటిచీకటి ఈ లెక్కను తిరగేస్తుంది. దీన్ని మోసుకొచ్చే నల్ల ఈగకు మురుగు పనికిరాదు, నిలవ నీరు పనికిరాదు. రాళ్ల మీద నుంచి నురగలు కక్కుతూ దూకే నీరే కావాలి. అలాంటి నీటిలో ప్రాణవాయువు ఎక్కువ. నీళ్లలోకి వేలాడే కొమ్మలకూ గడ్డికీ రాళ్లకూ ఈగ గుడ్లు పెడుతుంది. పుట్టిన పిల్లలు అక్కడే గట్టిగా కరుచుకుని, పారే నీటిలో కొట్టుకొచ్చే నలుసులను వడగట్టుకు తింటూ పెరుగుతాయి. తూర్పు ఆఫ్రికాలో ఒక జాతి ఈగ పిల్లలైతే ఏకంగా ఏటి పీతల ఒంటినంటుకుని పెరుగుతాయి. జబ్బు నదికి దగ్గరగా ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ కావడానికి కారణం ఈ తేటనీటి యావే.

ఈగ చాలా చిన్నది. మూడు నాలుగు మిల్లీమీటర్లు, వీపు గూనిగా ఉంటుంది. దోమలా సూది గుచ్చదు. చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని జుర్రుకుంటుంది. అందుకే కాటు మంట పెడుతుంది. కుట్టేది ఆడ ఈగే, అదీ పగటి పూటే. అంటే దోమతెర ఎందుకూ కొరగాదు. కలుపు తీసే రైతు, వల వేసే జాలరి, బట్టలుతకడానికి రేవుకొచ్చిన అమ్మాయి, ఈదడానికి దిగిన పిల్లలు... ఏటితో పని ఉన్నవాళ్లందరూ దానికి దొరుకుతారు.

ఒక్క కాటుకే జబ్బు అంటుకునేది కాదు. ఏళ్ల తరబడి, వందలూ వేలూ కాట్లు పడాలి. ఈగ నోటి నుంచి ఒంట్లోకి చేరిన పురుగు పిల్ల ఎదగడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఎదిగిన ఆడ పురుగు తెల్లటి నూలు దారంలా అరమీటరు దాకా ఉంటుంది. చర్మం కింద ఉండచుట్టుకుని పడుకుంటే దాని చుట్టూ కణితి కడుతుంది. తుంటి మీదా, పక్కటెముకల మీదా తడిమితే చేతికి తగులుతుంది. నొప్పి ఉండదు. వేలెడంత మగ పురుగు ఒక కణితి నుంచి ఇంకో కణితికి తిరుగుతుంటుంది. ఆడ పురుగుకు పది పదిహేనేళ్ల ఆయుష్షు. అన్నాళ్లూ రోజుకు వెయ్యికి పైగా పిల్లల్ని వదులుతుంది. ఆ ఆయుష్షు దగ్గరే ఈ జబ్బు మీద పోరాటమంతా చిక్కుపడింది, ముందు ముందు చూస్తారు.

ఆ పిల్ల పురుగులు కంటికి కనపడవు, మిల్లీమీటరులో ఇంచుమించు మూడో వంతు ఉంటాయి. చర్మంలో పాకుతూ తిరుగుతాయి. ఈగ మళ్లీ కుడితే దాని కడుపులోకి పోయి ఇంకో మనిషికి చేరతాయి. చేరనివి ఒకటి రెండేళ్లలో మన ఒంట్లోనే చస్తాయి. నష్టం జరిగేది అప్పుడే. బతికున్న పురుగును పెద్దగా పట్టించుకోని శరీరం చచ్చిన పురుగు మీద విరుచుకుపడుతుంది. దీనికి ఇంకో మెలిక ఉంది. ఈ పురుగు ఒంట్లో వోల్‌బాకియా అనే బాక్టీరియా కాపురముంటుంది. పురుగు చచ్చి అది బయటపడ్డప్పుడు మన శరీరం చేసే యుద్ధంలో ఎక్కువ భాగం ఆ బాక్టీరియా మీదే. యుద్ధం చర్మంలో జరిగితే దురద. కంటిలో జరిగితే కార్నియా మీద మంచుతునకల్లాంటి మచ్చలు. ఏళ్ల తరబడి మచ్చ మీద మచ్చ పేరుకుని అద్దం లాంటి కార్నియా పాలిపోతుంది. కొందరిలో కంటి వెనక నరమే దెబ్బతింటుంది. అప్పుడు పోయిన చూపు ఏ మందుకూ తిరిగి రాదు.

లెక్కకెక్కని దురద

ఈ జబ్బు పేరులోనే అన్యాయం ఉందనిపిస్తుంది నాకు. గుడ్డితనం దాని చివరి అంకం. దాని రోజువారీ రూపం దురద.

2017 అంచనాల ప్రకారం ప్రపంచంలో సుమారు 2.09 కోట్ల మందికి ఈ పురుగు సోకింది. వాళ్లలో 11.5 లక్షల మందికి చూపు దెబ్బతింది. చర్మవ్యాధితో బాధపడేవాళ్లు 1.46 కోట్లు. అంటే కంటి బాధ ఉన్న ఒక్కొక్కరికి చర్మం బాధ ఉన్నవాళ్లు దాదాపు పదమూడు మంది. అయినా విగ్రహం కట్టింది గుడ్డితనానికి. గోక్కుంటున్న మనిషికి ఎవరు విగ్రహం కడతారు?

ఇది నాలుగు రోజుల్లో పోయే దురద కాదు. రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. గోళ్లు చాలక కర్రపుల్లలతో, రాళ్లతో, పెంకు ముక్కలతో గీరుకుంటారు. పుండ్లు పడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ చర్మం మందమెక్కి, ముడతలు దేరి బల్లి చర్మంలా అవుతుంది. మోకాళ్ల కింద రంగు పోయి తెల్ల మచ్చలు పడితే చిరుత చర్మం అంటారు. సాగిపోయిన చర్మం గజ్జల్లో సంచుల్లా వేలాడుతుంది. ముప్పై ఏళ్ల మనిషి డెబ్బై ఏళ్లవాడిలా కనిపిస్తాడు. పిల్లాడు తరగతిలో కుదురుగా కూర్చోలేడు. ఆడపిల్లకు సంబంధాలు రావు. ఒళ్లు గోక్కునే మనిషి పక్కన ఎవరూ కూర్చోరు.

పశ్చిమ ఆఫ్రికా గడ్డిమైదానాల్లో తిరిగే పురుగు కంటికి ఎక్కువ చేటు. అడవి ప్రాంతాల్లోది చర్మానికి ఎక్కువ చేటు. అడవి ఊళ్లలో గుడ్డివాళ్లు తక్కువగా కనిపించేసరికి అక్కడ జబ్బు పెద్దగా లేదని చాలాకాలం అనుకున్నారు. 1990ల నడిమికి గానీ ఆ దురద ఎన్ని జీవితాలను నమిలేస్తున్నదో పరిశోధకులు లెక్కగట్టలేదు. ఆ లెక్కే తర్వాత మిగతా ఆఫ్రికాకూ మందు పంపడానికి బలమైన వాదన అయింది.

నిజానికి వైద్యశాస్త్రం కూడా ఈ జబ్బును దురద వైపు నుంచే మొదట పట్టుకుంది. 1875లో గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, జాన్ ఓనీల్ అనే బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు, అక్కడివాళ్లు క్రా-క్రా అని పిలిచే గోకుడు జబ్బున్న చర్మంలో పురుగు పిల్లల్ని చూశాడు. కంటితో ముడిపెట్టింది ఆఫ్రికాలో కాదు, సముద్రానికి అవతల. 1915లో గ్వాటెమాలాలో రొడాల్ఫో రోబ్లెస్ అనే డాక్టరు ఒక పిల్లాడి నుదుటి మీద కణితి కోసి పురుగును బయటికి తీశాడు. కాఫీ తోటల్లో కళ్లు పోతున్నవాళ్లకూ ఈ కణుతులకూ సంబంధం ఉందని తేల్చాడు. పురుగు అక్కడికెలా చేరింది? బానిసలుగా ఓడలకెక్కించిన ఆఫ్రికన్ల ఒంట్లో. ఈగే దీన్ని మోస్తుందని 1926లో సియెర్రా లియోన్‌లో డొనాల్డ్ బ్లాక్‌లాక్ రుజువు చేశాడు.

అందరికీ అర్థమయ్యే పేరు ఇంకో పాతికేళ్లకు వచ్చింది. పన్నెండేళ్ల వయసులో బడి ప్రయోగశాలలో జరిగిన పేలుడులో చూపు పోగొట్టుకున్న జాన్ విల్సన్, ఆయన భార్య జీన్ ఉత్తర ఘనాలో నకాంగ్ వంటి ఊళ్లు తిరిగారు. నోరు తిరగని పేరుకు ఎవరూ చందా ఇవ్వరని రివర్ బ్లైండ్‌నెస్ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది జీన్ అంటారు. చందాలకు మంచి పేరే. దురదే దాని వెనకాల దాక్కుండిపోయింది.

ఏరు వదిలిన ఊళ్లు

నాగరికతలన్నీ నదీతీరాల్లో పుట్టాయని చదువుకున్నాం. కృష్ణా గోదావరుల ఒండ్రు తెలిసినవాళ్లకు వోల్టా లోయల సంగతి మింగుడుపడదు. మంచి నేల, చేతికందే నీరు, మనిషన్నవాడు లేడు. ఊళ్లకు ఊళ్లు ఏరు వదిలి వానమీద బతికే మెట్ట నేలలకు ఎక్కాయి. అక్కడ జనం ఎక్కువై, నేల అరిగిపోయి, కరువొస్తే మళ్లీ ఏటి దగ్గరికే దిగేవాళ్లు. చూపు పోగొట్టుకుని మళ్లీ ఎక్కేవాళ్లు.

1972లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు రాబర్ట్ మెక్‌నమారా అప్పర్ వోల్టా వెళ్లాడు. ఆనాటికి బుర్కినా ఫాసో పేరు అదే. పిల్లలు కర్ర పట్టుకుని పెద్దల్ని నడిపించడం చూశాడు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా రక్షణ మంత్రిగా చేసిన మనిషి. ఆయన మనసులో ఏం మెదిలిందో గానీ, రెండేళ్లు తిరగకుండా, 1974లో ఆంకోసెర్సియాసిస్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. వాగడూగూ కేంద్రంగా ఏడు దేశాల్లో మొదలై తర్వాత పదకొండు దేశాలకు పెరిగింది.

అప్పటికి ఊరందరికీ నిర్భయంగా వెయ్యగల మందు చేతిలో లేదు. పెద్ద పురుగును చంపలేరు కాబట్టి ఈగను చంపాలి. ఎగిరే ఈగను పట్టలేరు కాబట్టి నీళ్లలో ఉన్న పిల్లను చంపాలి. ఈగ పిల్ల ఎదిగి ఎగరడానికి వారం పడుతుంది. అందుకని ప్రతి వారం, వాన కాలమంతా, హెలికాప్టర్లు నదుల మీదుగా చెట్ల కొమ్మల ఎత్తున ఎగురుతూ నీరు దూకే ప్రతి చోటా మందు వదిలాయి. ఒక్క వారం తప్పితే కొత్త తరం ఎగిరిపోతుంది. ఆ మందు టెమీఫాస్. మన ఊళ్లలో మలేరియా సిబ్బంది నీళ్ల తొట్లలోనూ డ్రమ్ముల్లోనూ దోమ పిల్లల కోసం పోసి వెళ్లేది అదే.

ఎన్నాళ్లు చల్లాలి? ఇక్కడే ఆడ పురుగు ఆయుష్షు గుర్తుకు తెచ్చుకోండి. మనిషి ఒంట్లో ఉన్న చిట్టచివరి పురుగు ముసలిదై చచ్చేదాకా ఈగను రానివ్వకూడదు. అంటే పదిహేనేళ్లు, వారం వారం. నడుమ ఈగలు టెమీఫాస్‌కు అలవాటుపడ్డాయి, మందులు మార్చి మార్చి చల్లారు. వానగాలితో పాటు వందల కిలోమీటర్ల అవతలి నుంచి కొత్త ఈగలు వచ్చి పడ్డాయి. చల్లే హద్దునే పెంచారు. 2002లో కార్యక్రమం ముగిసేసరికి 6 లక్షల మందికి చూపు పోకుండా ఆగిందనీ, 2.5 కోట్ల హెక్టార్ల సాగు నేల మళ్లీ మనుషుల వశమైందనీ లెక్క తేలింది. ఖర్చు మనిషికి ఏడాదికి ఒక డాలరు కంటే తక్కువే.

గోల్ఫ్ మైదానం పక్క మట్టి

సతోషి ఒమురా జపాన్‌లో రైతు బిడ్డ. మొదట టోక్యోలో రాత్రి బడి మాస్టారు. పగలు కార్ఖానాల్లో పనిచేసి, చేతులకు అంటిన నూనె మరకలు కడుక్కునే తీరికైనా లేక పరీక్షకొచ్చే పిల్లల్ని చూసి, తాను చదివింది చాలదనుకుని మళ్లీ చదువులో పడ్డాడు. పరిశోధకుడయ్యాక ఎక్కడికెళ్లినా జేబులో చిన్న ప్లాస్టిక్ సంచి ఉండాల్సిందే. కనపడ్డ చోటల్లా చిటికెడు మట్టి తీసి అందులో వేసుకునేవాడు. మట్టిలోని సూక్ష్మజీవులు ఏ మందు దాచుకున్నాయో ఎవరికి తెలుసు?

1970ల మొదట్లో షిజువోకా ప్రాంతంలోని కవానాలో ఒక గోల్ఫ్ మైదానం దగ్గర తీసిన మట్టి అలాంటిదే. అందులోని సూక్ష్మజీవి అమెరికాలోని మెర్క్ కంపెనీకి చేరింది. అక్కడ విలియం క్యాంప్‌బెల్ బృందం దాని రసాన్ని ఎలుకల పేగుల్లోని పురుగుల మీద ప్రయోగిస్తే పురుగులు మాయమయ్యాయి. ఆ రసాన్ని కాస్త మార్చి చేసిందే ఐవర్‌మెక్టిన్. ఆ తర్వాత ప్రపంచమంతా మట్టి తవ్వి వెతికారు. ఆ మందును సహజంగా తయారుచేసే జీవి ఇంకెక్కడా దొరకలేదు.

ముందు అది పశువుల మందు. గొర్రెలకూ ఆవులకూ గుర్రాలకూ వేసి మెర్క్ బాగా సంపాదించింది. మనుషులకూ వెయ్యొచ్చునని పట్టుబట్టినవాళ్లలో ముఖ్యుడు మొహమ్మద్ అజీజ్, నేటి బంగ్లాదేశ్‌లో పుట్టిన డాక్టరు. ఆఫ్రికాలో ఈ రోగుల మధ్య పనిచేసినవాడు. 1981లో ఆయన చొరవతో సెనెగల్ రాజధాని డకార్‌లో కొద్దిమంది రోగులకు అతి తక్కువ మోతాదులో ఈ మందు ఇచ్చి చూశారు. చర్మం ముక్కల్లో పురుగు పిల్లలు దాదాపు కనపడకుండా పోయాయి. నోబెల్ 2015లో ఒమురాకూ క్యాంప్‌బెల్‌కూ వచ్చింది. అప్పటికి అజీజ్ లేడు. ఉన్నా నోబెల్ కమిటీకి గుర్తొచ్చేవాడా అన్నది నా అనుమానం.

మందు తయారైంది. కొనేవాడేడీ? రోజుకు డాలరు కూడా సంపాదించలేని మనుషులకు మాత్ర అమ్మడం ఎలా? డబ్బు పెడతారేమోనని మెర్క్ ప్రభుత్వాలనూ సంస్థలనూ అడిగి చూసింది. ఎవరూ ముందుకు రాలేదు. 1987 అక్టోబరు 21న కంపెనీ అధిపతి రాయ్ వాగెలోస్ ప్రకటించాడు: అవసరమైనంత మందు, అవసరమైనన్నాళ్లు ఉచితం. మందుల కంపెనీల గురించి మంచి మాట రాసే అవకాశం పత్రికలవాళ్లకు అరుదు. వచ్చింది కాబట్టి రాస్తున్నా.

భీమవరం మనిషి మందు

ఈ కథలో తెలుగువాడు ఒకాయన ఉన్నాడు, అదీ రెండుసార్లు.

ఐవర్‌మెక్టిన్‌కు నలభై ఏళ్ల ముందు ఫైలేరియా పురుగుల మీద ఒక మందు ఉంది. పేరు హెట్రజాన్. మనం డీఈసీ అంటాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధన అధిపతిగా ఉండగా 1947లో అక్కడ పుట్టిన మందు అది. ఏటా మన ఊళ్లలో బోదకాలు రాకుండా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే మాత్రల్లో ఉన్నది అదే. మా వీధిలో ఆ మాత్రలు చేతిలో తీసుకుని, "భోంచేశాక వేసుకుంటాంలేమ్మా" అని తలుపేసుకునేవాళ్లే ఎక్కువ. ఆమె గుమ్మంలోనే నిలబడి, "నా కళ్లముందు మింగండి, రాసుకోవాలి" అంటుంది. ఆ ఘర్షణ తెలిసినవాళ్లకు ఏటిచీకటి కథ సగం తెలిసినట్టే.

బోదకాలు పురుగుకూ ఏటిచీకటి పురుగుకూ దగ్గరి చుట్టరికం. మరి డీఈసీ అక్కడ పనిచెయ్యలేదా? చేసింది. మరీ ఎక్కువగా చేసింది. చర్మంలో, కంటిలో ఉన్న పురుగు పిల్లల్ని గంటల్లో చంపేసింది. చచ్చిన పురుగు మీద ఒళ్లు ఎలా విరుచుకుపడుతుందో పైన చూశాం. లక్షల పురుగులు ఒక్కపూట చస్తే ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, బీపీ పడిపోవడం, ఉన్న చూపు కూడా పోవడం. మెక్సికోలో లూయిస్ మజొట్టి ఈ తిరుగుబాటును 1948లో గుర్తించాడు. అందుకే దానికి అతని పేరే పెట్టారు. బోదకాలుకు ఇప్పుడు మన దేశంలోని కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్, డీఈసీ, ఆల్బెండజోల్ మూడూ కలిపి ఇస్తున్నారు. ఏటిచీకటి ఉన్న ఆఫ్రికా ఊళ్లలో ఆ మూడింటిలో డీఈసీని దగ్గరికి రానివ్వరు. ఐవర్‌మెక్టిన్ గొప్పతనం చంపడంలో లేదు, నెమ్మదిగా చంపడంలో ఉంది.

సుబ్బారావు 1948 ఆగస్టులో పోయారు. అదే ఏడాది ఆయన విభాగంలో బెంజమిన్ డగ్గర్ వెలికితీసిన ఆరియోమైసిన్ బజారుకు వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్ద. ఆ కుటుంబంలో తర్వాత పుట్టిన డాక్సీసైక్లిన్‌ను నాలుగు నుంచి ఆరు వారాలు వాడితే పురుగు ఒంట్లోని వోల్‌బాకియా చస్తుంది. అది లేకపోతే ఆడ పురుగు గొడ్రాలవుతుంది, కాలక్రమాన చస్తుంది. ఐవర్‌మెక్టిన్‌కు చేతకాని పని ఇది. అయితే వారాల తరబడి రోజూ మింగాలి. గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఇవ్వకూడదు. ఊరు ఊరంతటికీ వెయ్యడం అసాధ్యం. కాబట్టి ఇప్పటికి దానిది వెనక వరసే.

రెండో కర్ర

ఐవర్‌మెక్టిన్ పెద్ద పురుగును చంపదు. పిల్లల్ని ఊడ్చేస్తుంది, ఆడ పురుగు కాన్పులను కొన్ని నెలలు ఆపుతుంది. అందుకే ఏడాదికోసారి, కొన్నిచోట్ల రెండుసార్లు, ఊళ్లో ఇంచుమించు అందరూ మింగాలి. పది పదిహేనేళ్లు మింగాలి. మాత్ర ఉచితమే, కానీ రోడ్డు లేని ఊరికి, డాక్టరు ముఖం ఎరగని ఊరికి అన్నేళ్లు ఎవరు పట్టుకెళ్తారు?

మొదట్లో వాహనాలేసుకుని బృందాలు వెళ్లాయి. ఖర్చు తడిసి మోపెడైంది. వాళ్లొచ్చిన రోజు జనం పొలాల్లో ఉండేవాళ్లు. 1995లో మొదలైన ఆఫ్రికా కార్యక్రమం పద్ధతి మార్చింది. పంచేవాణ్ని ఊరే ఎంచుకుంటుంది. ఏ నెలలో పంచాలో, ఇంటింటికీ తిరగాలా చెట్టు కింద కూర్చోవాలా, ఊరే తేల్చుకుంటుంది. ఎంపికైన మనిషికి జీతం లేదు, చేతిలో డిగ్రీ లేదు. ఆయన దగ్గర రెండే రెండు సామాన్లు: ఒక నోటుపుస్తకం, ఒక కర్ర.

మోతాదు బరువును బట్టి ఇవ్వాలి. ఊరూరికీ తూకం యంత్రం ఎక్కడ తెస్తారు? బరువుకు బదులు ఎత్తు చూస్తే సరిపోతుందని కనిపెట్టారు. కర్ర మీద గీతలుంటాయి. 90 సెంటీమీటర్ల గీత దాటని పిల్లలకు మందు లేదు. ఆ గీతకూ 120కీ నడుమ ఉంటే ఒక మాత్ర. 140 దాకా రెండు, 158 దాకా మూడు, ఆపైన నాలుగు. గర్భిణులకూ, కాన్పై వారం తిరగని బాలింతలకూ, మంచాన పడ్డవాళ్లకూ ఇవ్వరు. అంతే విద్య. ఒక్కొక్కరే వచ్చి కర్ర పక్కన నిటారుగా నిలబడతారు. ఆయన తల మీద అరచెయ్యి ఆనించి గీత చూస్తాడు, మాత్రలు లెక్కపెట్టి చేతిలో పోస్తాడు, మింగేదాకా చూస్తాడు, పుస్తకంలో అంకె వేస్తాడు. పిల్లలు ఒక గీత పైకెక్కడానికి మునివేళ్ల మీద లేస్తారు.

ఈ పద్ధతిలో 2015 నాటికి ఏటా 10 కోట్ల మందికి పైగా మందు అందింది. ప్రజారోగ్య చరిత్రలో గొప్పవాటిగా చెప్పే పోరాటాలన్నిటిలో నాకు నచ్చేది ఈ కర్రే. మొదటి కర్ర ఒక పిల్లాడి బాల్యాన్ని మింగేసేది. రెండో కర్ర దగ్గర పిల్లాడికి అర నిమిషం పని.

కష్టం మందు పనిచెయ్యని చోట కాదు, పనిచేసిన చోట మొదలవుతుంది. మొదటి రెండు మూడేళ్లు దురద తగ్గుతుంది, కడుపులో నులిపురుగులు పడిపోతాయి, తలలో పేలు పోతాయి. జనం అడిగి మింగుతారు. ఎనిమిదో ఏటికి ఊళ్లో గోక్కునేవాడే ఉండడు. "ఏ రోగమూ లేనివాడికి మందెందుకు?" అంటారు. మా వీధి గుమ్మాల దగ్గర వినపడే మాటే.

తోవ కుదరని చోట్లు

లాటిన్ అమెరికాలో ఆరు దేశాల్లోని 13 చోట్లకే జబ్బు పరిమితం. ఏడాదికి రెండుసార్లు, కొన్నిచోట్ల నాలుగుసార్లు మందిచ్చారు. 2013లో కొలంబియా, 2014లో ఈక్వడార్, 2015లో మెక్సికో, 2016లో గ్వాటెమాలా జబ్బు లేని దేశాలయ్యాయి. మిగిలింది వెనెజ్వెలా, బ్రెజిల్ సరిహద్దు అడవిలో చోటు మారుతూ బతికే యానోమామీల దగ్గర. హెలికాప్టరు దిగే చోటు, ఆపైన నడక, నడిచి వెళ్లాక ఊరు అక్కడ ఉండకపోవచ్చు.

మధ్య ఆఫ్రికా అడవులది ఇంకో తంటా. అక్కడ లోవా లోవా అనే మరో పురుగు ఉంది. అప్పుడప్పుడు కంటి తెల్లగుడ్డు మీదుగా పాకుతూ పోవడం ఎదుటివాళ్లకు కనిపిస్తుంది. అది రక్తంలో మరీ ఎక్కువగా ఉన్నవాడికి ఐవర్‌మెక్టిన్ వేస్తే మెదడు దెబ్బతిని కోమాలోకి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అంటే మేలు చేసే మాత్రే కొందరికి విషం. కామెరూన్‌లో దీనికి ఒక ఉపాయం పన్నారు. సెల్‌ఫోన్‌కు తగిలించిన చిన్న సూక్ష్మదర్శిని కింద వేలి కొన నుంచి తీసిన రక్తపుచుక్క పెడితే, పురుగుల కదలికను ఫోను వీడియో తీసి తానే లెక్కపెడుతుంది. ఎక్కువ ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టి మిగతావాళ్లకు మందిస్తారు. పక్కన కూర్చున్నవాళ్లు మొత్తంలో చాలా కొద్దిమంది.

దక్షిణ సూడాన్, ఉత్తర ఉగాండాల్లో ఈగలున్న ఏర్ల పక్క ఊళ్లలో పిల్లలకు మూర్ఛలు రావడం గమనించారు. కొందరి తల ఊగుతూ ముందుకు వాలిపోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. ఏటిచీకటి తీవ్రంగా ఉన్న ఊళ్లలోనే ఇది ఎక్కువ. పురుగు మెదడుకేం చేస్తుందో ఇంకా తేలలేదు. అది తేలేదాకా ఆగకుండా ఊళ్లవాళ్లు కత్తులు తీసుకుని ఏట్లోకి దిగుతున్నారు. ఈగ పిల్లలు కరుచుకునే కొమ్మల్నీ గడ్డినీ నరికి ఒడ్డున పడేస్తున్నారు. హెలికాప్టరు చేసిన పని కత్తితో.

2018లో మోక్సిడెక్టిన్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఐవర్‌మెక్టిన్ కంటే ఎక్కువ నెలలు పురుగు పిల్లల్ని రానివ్వదు. పెద్ద పురుగును చంపేది అదీ కాదు.

2025 జనవరి 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ నైజర్‌లో ఏటిచీకటి వ్యాప్తి అంతమైందని ప్రకటించింది. ఆఫ్రికాలో అదే మొదటి దేశం. 1976లో హెలికాప్టర్లు మొదలుపెట్టిన పని ముగిసిందని ముద్ర పడటానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. దానికి పది రోజుల ముందు, జనవరి 20న, వాషింగ్టన్‌లో కొత్త ప్రభుత్వం విదేశీ సాయాన్ని నిలిపేసింది. ఆఫ్రికాలో చాలాచోట్ల ఈ మాత్రల పంపిణీకి డబ్బు అప్పటిదాకా ఆ సాయం నుంచే వచ్చేది. మాత్ర ఇప్పటికీ ఉచితమే. ఓడరేవు నుంచి జిల్లా గోదాముకు వెళ్లే లారీ డీజిలు, పంచేవాడికిచ్చే రెండు రోజుల శిక్షణ, గీతలు గీసిన కర్ర, నోటుపుస్తకం... ఇవి ఉచితం కావు.

ఆ నోటుపుస్తకంలో ఇంటికో పేజీ. పేర్లు నిలువుగా, ఏళ్లు అడ్డంగా. గడిలో అంకె ఉంటే అన్ని మాత్రలు మింగినట్టు. ఊళ్లో లేకపోతే ఒక గుర్తు, కడుపుతో ఉంటే ఇంకో గుర్తు, వద్దన్నవాళ్లకు ఇంకొకటి. పుస్తకం కుట్టేటప్పుడే ముందు ముందు ఏళ్లకు గళ్లు గీసిపెట్టుకుంటారు. అవి ఖాళీగా ఉంటాయి.